కిటికీ, తూము, మెట్లకింది అర: పిల్లలకు నిద్ర లేకుండా చేసిన పాత టీవీ భయానక చిత్రాల్లో ఏది ఎవరికి?

అక్టోబరు నెలాఖరు దగ్గరపడే కొద్దీ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ స్థిరపడిన తెలుగు ఇళ్ళలో పిల్లలు దెయ్యాల సినిమా చూస్తామని పట్టుబట్టడం, పెద్దవాళ్ళు ఇప్పటి సినిమాల్లోని నెత్తుటి దృశ్యాలకు జంకి "పాతకాలం టీవీ సినిమా ఏదైనా పెడదాం, అందులో అంత ఘోరం ఉండదు" అని సర్దిచెప్పడం తరచుగా జరిగేదే. ఆ మాటలో సగమే నిజం ఉంది. 1970ల నుంచి 1990ల తొలి సంవత్సరాల దాకా అక్కడి టెలివిజన్ సంస్థలు తమ తెర కోసమే తీయించిన భయానక చిత్రాల్లో రక్తం చాలా తక్కువగా కనిపిస్తుంది. అయినా చిన్నతనంలో వాటిని చూసినవారు నడివయసు దాటిన తర్వాత కూడా ఫలానా దృశ్యం తమను ఎన్ని రాత్రులు వెంటాడిందో పూసగుచ్చినట్టు చెబుతారు. కాబట్టి రక్తం లేదన్న ఒక్క కారణంతో ఏదో ఒకటి ఎంచుకుని పిల్లల ముందు పెట్టడం సరైన పని కాదు.

ఈ చిత్రాలకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. అమెరికాలో ఏబీసీ సంస్థ 1969లో 'మూవీ ఆఫ్ ది వీక్' అనే శీర్షికతో వారం వారం కొత్త చిత్రాన్ని ప్రసారం చేయడం మొదలుపెట్టింది. 90 నిమిషాల వ్యవధిలో ప్రకటనలు పోగా కథకు మిగిలేది సుమారు 74 నిమిషాలు. చిత్రీకరణకు చాలాసార్లు రెండు వారాలకు మించి గడువు దొరికేది కాదు, డబ్బూ అంతంతమాత్రమే. ఇళ్ళలోకి నేరుగా వెళ్ళే ప్రసారం కనుక హింసను చూపడంపై సంస్థల సొంత ఆంక్షలు కఠినంగా ఉండేవి. దానితో దర్శకులు శబ్దం మీద, నీడ మీద, కెమెరా చూపించని మూలల మీద ఆధారపడక తప్పలేదు. పైగా ప్రకటనల విరామం వచ్చినప్పుడల్లా ప్రేక్షకుడు మరో ఛానెల్‌కు మారిపోకుండా ప్రతి అంకాన్నీ ఒక ముడి వేసి ఆపవలసి వచ్చేది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. థియేటరులో టికెట్టు చింపేవాడు పిల్లవాడి వయసు చూసి ఆపగలడు, తర్వాత ఇంటికి నడిచివచ్చే దారిలో మనసు కాస్త తేరుకుంటుంది. టీవీ దగ్గర ఆ అడ్డూ లేదు, ఆ దూరమూ లేదు. హాల్లో చూసిన భయం పది అడుగుల దూరంలో ఉన్న చీకటి పడకగదిలోకి వెంట నడిచి వస్తుంది. 1990ల చివర ఈటీవీలో 'అన్వేషిత' ధారావాహిక చూసి నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళలేకపోయిన తరానికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇన్నేళ్ళుగా ఈ చిత్రాలను చూస్తూ, బంధువుల పిల్లలకు చూపిస్తూ నేను గమనించింది ఒకటే. వీటిలో ప్రతి ఒక్కటీ భయాన్ని ఇంట్లో ఒక నిర్దిష్టమైన చోట వదిలి వెళుతుంది. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి స్నానాలగది తూము దగ్గర, ఒకటి భోజనాల బల్ల కింద, ఒకటి ఏకంగా టీవీలోనే. అందువల్ల ఏది ఎక్కువ భయంకరం అన్న లెక్క కన్నా, చూడబోయే పిల్లలు రాత్రిపూట ఒంటరిగా దాటవలసిన చోటు ఏది అన్న ప్రశ్న ఎంపికకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. కింద చెప్పిన వయసులు ఏ సంస్థా నిర్ణయించినవి కావు, అవి నా అంచనాలు మాత్రమే.

మొట్టమొదటిసారి చూసేవారికి, ముఖ్యంగా పదేళ్ళు దాటిన పిల్లలకు, నేను నిస్సంకోచంగా సూచించేది 'డ్యూయల్'. 1971 నవంబరు 13న ఏబీసీలో ప్రసారమైన ఈ చిత్రానికి దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, కథా రచయిత రిచర్డ్ మాథెసన్. కాలిఫోర్నియా ఎడారి రహదారి మీద కారులో వెళుతున్న ఒక మామూలు ఉద్యోగిని తుప్పుపట్టిన పెద్ద ట్యాంకరు లారీ ఏ కారణమూ లేకుండా వెంటాడుతుంది. లారీ నడిపేవాడి ముఖం చివరిదాకా కనిపించదు, చేయి, బూట్లు తప్ప. ఇందులో దెయ్యం లేదు, కథంతా పగటి వెలుగులోనే జరుగుతుంది, భయం రోడ్డు మీదే ఉండిపోతుంది. గుండె దడదడలాడించి కూడా పడకగది గడప దాటని చిత్రం ఈ జాబితాలో ఇదొక్కటే అని నా నమ్మకం. తర్వాత విదేశీ థియేటర్ల కోసం కొన్ని దృశ్యాలు కలిపి దాదాపు 90 నిమిషాలకు పెంచారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఆ పెంచిన రూపమే, దాని వల్ల పెద్ద నష్టమేమీ లేదు.

మరుసటి ఏడాది జనవరి 11న అదే ఏబీసీలో వచ్చిన 'ది నైట్ స్టాకర్' కూడా తొలి మెట్టుగా పనికివస్తుంది. లాస్ వెగాస్ నగరంలో వరుస హత్యలు చేస్తున్నది రక్తపిశాచి అని కనిపెట్టిన కోల్చాక్ అనే పత్రికా విలేఖరి, ఆ నిజాన్ని అచ్చువేయించడానికి పడే పాట్లే కథ. ఇది అప్పటి టీవీ చిత్రాల్లోకెల్లా అత్యధిక ప్రేక్షకాదరణ పొందింది. కోల్చాక్ పాత్ర చేసిన డారెన్ మెక్‌గావిన్ నోటిదురుసుతనం వల్ల పిల్లలు భయపడే లోపలే నవ్వేస్తారు. అయితే ఇది పెద్దవాళ్ళ లోకం గురించిన కథ కనుక పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మధ్యలో విసుగు పుట్టవచ్చు.

అసలు చిక్కు తర్వాతి రెండింటి మధ్య ఎంచుకోవడంలో వస్తుంది. రెండూ ఏబీసీ చిత్రాలే, రెండింటిలోనూ ఇంట్లో ఉన్న ఒక స్త్రీ, ఆమెను వేటాడే చిన్న ఆకారాలు. పైకి ఒకే రకంగా కనిపించే ఈ రెండూ పిల్లల మీద పనిచేసే తీరు మాత్రం పూర్తిగా వేరు.

మొదటిది 1973 అక్టోబరు 10న ప్రసారమైన 'డోంట్ బీ అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్'. అమ్మమ్మ కాలం నాటి పాత ఇంట్లోకి శాలీ, అలెక్స్ దంపతులు కాపురానికి వస్తారు. అందులో తాళం వేసిన ఒక గది, ఆ గదిలో ఇటుకలతో మూసేసిన ఫైర్‌ప్లేస్ ఉంటాయి. కొన్నిటిని ఎలా ఉన్నవి అలాగే వదిలేయడం మంచిదని ముసలి వడ్రంగి హెచ్చరించినా వినకుండా శాలీ ఆ ఫైర్‌ప్లేస్ పక్కనున్న చిన్న ఇనుప తలుపును తెరుస్తుంది. లోపలి నుంచి గుసగుసలు మొదలవుతాయి. ఆ గొంతులు ఆమెను పేరు పెట్టి పిలుస్తాయి. వెలుగంటే గిట్టని ఆ ముడతల ముఖాల పొట్టి జీవాలు ఎండిన ఖర్జూరాల్లాంటి తలలతో పుస్తకాల వెనక, పూలకుండీల చాటున నక్కి ఉంటాయి. వేషాలు వేసిన మనుషులనే భారీ కొలతలతో కట్టిన సెట్ల మధ్య నడిపించి వాటిని చిన్నవిగా చూపించారు. ఇప్పటి కళ్ళకు ఆ వేషాల్లోని లోపాలు కనిపిస్తాయి, గొంతుల్లో మాత్రం ఏ లోపమూ కనిపించదు.

ఈ చిత్రం పిల్లలను పట్టుకునే చోటు జీవాల రూపం కాదు, భర్త శాలీ మాట నమ్మకపోవడం. అలెక్స్ ఉద్యోగంలో పైకి ఎదగాలన్న ఆరాటంలో ఉంటాడు, భార్య చెప్పేదంతా నరాల బలహీనత అని కొట్టిపారేస్తాడు. "నువ్వు ఊహించుకుంటున్నావు" అన్న మాట పెద్దవాళ్ళ నోట రోజూ వినే పిల్లలకు శాలీ స్థితి తమ స్థితిలాగే తోస్తుంది. అమెరికాలో ఒక తరం పిల్లలు దీన్ని మరచిపోకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం. మెక్సికోలో పెరిగిన దర్శకుడు గియెర్మో దెల్ తోరోను చిన్నతనంలో ఈ చిత్రం ఎంతగా కుదిపివేసిందంటే, దశాబ్దాల తర్వాత ఆయన తానే రచనలోనూ నిర్మాణంలోనూ పాలుపంచుకుని దాన్ని మళ్ళీ తీయించారు. ఆ కొత్త రూపంలో శాలీని చిన్నపిల్లగా మార్చారు.

నేను దీన్ని పన్నెండేళ్ళ మా అక్క కూతురికి చూపించాను. చీకటి పడకముందే మొదలుపెట్టాం, హాల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. విందు దృశ్యం ఒకటి ఉంది. అతిథులు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ ఉండగా శాలీ ఒళ్ళోని నాప్కిన్ నెమ్మదిగా కిందికి జారుతుంది. తనంతట తాను జారడం కాదు, బల్లకింద నుంచి ఎవరో లాగుతున్నారు. సంగీతం పెద్దగా లేదు, అరుపు లేదు, ఒక గుడ్డముక్క కదలిక మాత్రమే. ఆ పిల్ల ఏమీ అనలేదు, చిత్రం పూర్తయ్యాక భయం వేయలేదనే చెప్పింది. కాని తర్వాతి వారమంతా భోజనాల బల్ల దగ్గర కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని తిన్నది. కాళ్ళు కిందికి దించమంటే దించలేదు. ఎందుకని అడిగితే నేలంతా చల్లగా ఉందంది.

రెండవది 1975 మార్చి 4న వచ్చిన 'ట్రిలజీ ఆఫ్ టెర్రర్'. డాన్ కర్టిస్ దర్శకత్వంలో కరెన్ బ్లాక్ అనే నటి మూడు కథల్లో నాలుగు పాత్రలు వేసింది. పేరుకు మూడు కథలే గాని అందరికీ గుర్తున్నది మూడవదైన 'అమీలియా' ఒక్కటే. రిచర్డ్ మాథెసన్ రాసిన ఈ కథలో, ఎత్తయిన భవనంలో ఒంటరిగా ఉంటున్న యువతి స్నేహితుడి పుట్టినరోజుకు ఒక కొయ్యబొమ్మను కొనుక్కువస్తుంది. బొమ్మ నడుముకున్న బంగారు గొలుసు జారిపోగానే అందులోని వేటగాడు మేల్కొంటాడు. అక్కడి నుంచి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. కెమెరా నేలకు జానెడు ఎత్తున సోఫా కిందా, తలుపు సందుల్లోనూ పరుగెత్తుతుంది. పెట్టెలో పెట్టి మూస్తే బొమ్మ లోపలి నుంచి కత్తితో పెట్టెను కోస్తూ ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. మొదటి కథలో కాలేజీ విద్యార్థి తన అధ్యాపకురాలికి మత్తుమందు ఇచ్చి, ఫోటోలు తీసి బెదిరించడం ఉంది. అది పిల్లలతో కలిసి చూడదగినది కాదు. ఈ చిత్రం ఎంచుకుంటే నేరుగా మూడవ కథ దగ్గరికి వెళ్ళడమే మంచిది, కథల మధ్య సంబంధం లేదు కనుక ఏమీ నష్టపోరు. మరొక మాట కూడా పిల్లలకు చెప్పాలి. అందులో బొమ్మను జూనీ తెగవారిదని చూపించారు. న్యూ మెక్సికోలోని జూనీ ప్రజలు నిజంగా చెక్కేవి ఎక్కువగా చిన్న చిన్న రాతి జంతువులు, వాటికీ ఈ కోరలబొమ్మకూ పోలికే లేదు. ఒక జాతి నమ్మకాన్ని భయం కోసం వాడుకున్న తీరు ఇప్పుడు చూస్తే బాధగానే ఉంటుంది.

ఈ రెండింటిలో ఏది? 'అమీలియా' టపాకాయ లాంటిది, పాతిక నిమిషాల్లో పేలి ఆరిపోతుంది. పిల్లలు కేకలు వేస్తారు, నవ్వుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. చివరి క్షణంలోని ఒక ముఖం మాత్రం కొందరికి మిగిలిపోతుంది. గుంపుగా కూర్చునే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు అది సరిపోతుంది. 'డోంట్ బీ అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్' నివురుగప్పిన నిప్పు. మాట తక్కువగా ఉండి, తన భయాన్ని బయటికి చెప్పుకోని పిల్లకు దాన్ని చూపించకూడదని నేను నేర్చుకున్నాను. పెద్దవాళ్ళకైతే రెండింటిలో నా ఓటు నిస్సందేహంగా దీనికే, ముగింపు వరకు రాజీపడని కథ కనుక.

భయానక కథలకు పేరుపొందిన అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ నవలల ఆధారంగా వచ్చిన రెండు రాత్రుల చిత్రాల మధ్య పోలిక ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 'సేలమ్స్ లాట్' మరో అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్‌లో 1979 నవంబరు 17, 24 తేదీల్లో, 'ఇట్' ఏబీసీలో 1990 నవంబరు 18, 20 తేదీల్లో ప్రసారమయ్యాయి. రెండూ ప్రకటనలు పోగా మూడు గంటలకు పైగా నడుస్తాయి, రెండింటిలోనూ పెద్దవాళ్ళు గుర్తించని చెడును పిల్లలు ముందుగా పసిగడతారు.

టోబ్ హూపర్ దర్శకత్వం వహించిన 'సేలమ్స్ లాట్' మొదటి గంటలో ఊరి మనుషుల పరిచయం నిదానంగా సాగుతుంది. ఓపిక పట్టినవారికి ఒక కిటికీ దొరుకుతుంది. ఆ ఊళ్ళోకి వచ్చిన రక్తపిశాచి బారినపడి రాల్ఫీ అనే పిల్లవాడు మాయమవుతాడు. కొన్ని రాత్రుల తర్వాత అతని అన్న డానీ నిద్రలేచి చూస్తే కిటికీ బయట పొగమంచు, ఆ పొగమంచులో గాలిలో తేలుతూ తమ్ముడు. తమ్ముడు నవ్వుతూ అద్దాన్ని గోళ్ళతో గీరుతాడు. డానీ లేచి వెళ్ళి కిటికీ తెరుస్తాడు. ఆ పిల్లవాడిని తీగలతో వేలాడదీయకుండా క్రేన్‌కు అమర్చి, దృశ్యాన్ని వెనక నుంచి ముందుకు చిత్రీకరించి తర్వాత తిప్పి చూపించారు. అందువల్లే పొగ కదలిక ప్రకృతి విరుద్ధంగా ఉండి, ఎందుకో తెలియకుండానే మనసు జంకుతుంది. గోటి గీరు శబ్దం చెవిలో నిలిచిపోతుంది. ఎంత భయంకరమైన రూపమైనా పరాయిదైతే తలుపు వేసుకోవచ్చు. ఇక్కడ వచ్చినది సొంత తమ్ముడు, అడుగుతున్నది లోపలికి రానివ్వమని. తెలుగునాట తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతో రాసుకున్న రోజులను గుర్తుంచుకున్నవారికి, బయట నిలిచినదానికి లోపలి నుంచి జవాబు చెప్పకూడదన్న భయం కొత్తదేమీ కాదు.

అదే డానీ తర్వాత మార్క్ అనే మరో పిల్లవాడి కిటికీ దగ్గరికి వస్తాడు. మార్క్‌కు రాక్షసుల బొమ్మలు, వాటి చిన్న చిన్న నమూనాలు కూర్చడం పిచ్చి. ఇంట్లో అందరూ పనికిమాలిన సరదా అనుకునే ఆ నమూనాల్లోని శిలువనే అతను చేతిలోకి తీసుకుంటాడు. పిల్లల లోకజ్ఞానానికి ఇంత గౌరవం ఇచ్చిన దృశ్యం ఈ చిత్రాలన్నిటిలో మరొకటి నాకు కనిపించలేదు. మంచం కిటికీ పక్కనే ఉన్న పిల్లవాడికి మాత్రం పద్నాలుగు దాటేవరకు దీన్ని చూపించవద్దు. థియేటర్ల కోసం కుదించిన పొట్టి రూపం కూడా ఒకటి ఉంది. ఊరి పరిచయం కత్తిరించడం వల్ల అందులో ఎవరు పోయినా మనకు దుఃఖం కలగదు, పూర్తి రూపాన్నే రెండు రాత్రులు చూడాలి.

'ఇట్' సంగతి వేరు. వానరోజున కాగితపు పడవ వెంట పరుగెత్తిన జార్జీ అనే పిల్లవాడు, వీధి తూములో నుంచి పలకరించే విదూషకుడు, ఆ తర్వాత వాష్‌బేసిన్‌లో నుంచి ఉబికే బుడగ, స్నానాలగది గొట్టాలు, కదిలే ఫోటో. పెన్నీవైజ్ అనే ఆ విదూషకుడి పాత్రలో టిమ్ కర్రీ మొదట నవ్వించి, ఆ నవ్వు ముగియకముందే మనసు కలవరపెడతాడు. బొంగురు గొంతుతో అతను ఆడే మాటలు పిల్లలు ఇట్టే అనుకరిస్తారు, అనుకరించగలిగిన భయం కొంత లొంగిన భయమే. ఏడుగురు పిల్లలు జట్టుకట్టి ఎదురు నిలవడం వల్ల చూసేవారికీ ధైర్యం వస్తుంది. అందుకే రెండింటిలో పిల్లలకు ముందుగా చూపించదగినది ఇదేనని నేను భావిస్తాను, అదీ మొదటి భాగం వరకే. పిల్లలు పెద్దవాళ్ళయిన తర్వాతి కథ చెప్పే రెండవ భాగం సడలిపోతుంది, ఆ విదూషకుడి అసలు రూపంగా చివర వచ్చే సాలీడు ఆనాడే నిరాశపరచింది. విదూషకులంటే ముందునుంచే బెదురున్న పిల్లలకు, స్నానం చేయడానికే మారాం చేసే చిన్నవాళ్ళకు మొదటి భాగం కూడా వద్దు.

నేరము, శిక్ష అన్న స్పష్టత కోరేవారు 1981 అక్టోబరు 24న సీబీఎస్‌లో వచ్చిన 'డార్క్ నైట్ ఆఫ్ ది స్కేర్‌క్రో' చూడవచ్చు. మానసికంగా ఎదగని అమాయకుడొకడు పొలంలోని దిష్టిబొమ్మ లోపల దాక్కుంటే నలుగురు కలిసి కాల్చిచంపుతారు, కోర్టు వారిని వదిలేస్తుంది, ఆపైన వారి పొలాల్లో ఆ దిష్టిబొమ్మ ప్రత్యక్షమవుతుంది. భయపడవలసినవారు హంతకులే కనుక పిల్లలు తమ గురించి బెదిరిపోరు. ఆ కాల్పుల దృశ్యం మాత్రం మనసు పిండేస్తుంది.

బ్రిటిష్ చిత్రాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టాలి. 'ది ఉమన్ ఇన్ బ్లాక్' 1989లో క్రిస్మస్ ముందు రాత్రి ఐటీవీలో ప్రసారమైంది. సుసాన్ హిల్ నవలకు నైజెల్ నీల్ టీవీ రూపం ఇచ్చారు. చనిపోయిన ఒక వృద్ధురాలి కాగితాలు సర్దడానికి యువ న్యాయవాది ఒకరు సముద్రపు చిత్తడి నేల మధ్యనున్న ఇంటికి వెళతాడు. పోటు వచ్చినప్పుడు ఆ ఇంటి దారి మునిగిపోతుంది. మంచులో గుర్రపుబండి బోల్తాపడిన చప్పుడు, ఒక బిడ్డ కేక మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి, అక్కడ బండి మాత్రం ఉండదు. ఇంట్లో విద్యుద్దీపాలు ఉన్నాయి, అతను ప్రతి గదిలోనూ దీపం వేస్తూ వెళతాడు. దీపం వేస్తే భయం పోతుందన్న మన నమ్మకాన్ని ఈ చిత్రం మెల్లగా వమ్ము చేస్తుంది. నల్లదుస్తుల స్త్రీ పగటివేళ, దూరంగా, కదలకుండా నిలబడి కనిపిస్తుంది. చాలాసేపు అంతకు మించి ఏమీ జరగదు. ఆ తర్వాత ఒక మంచం దగ్గర జరిగేదాన్ని వర్ణించి చూడబోయేవారికి అన్యాయం చేయలేను. అందులో నాయకుడిగా నటించిన ఏడ్రియన్ రాలిన్స్ తర్వాత హ్యారీ పాటర్ చిత్రాల్లో హ్యారీ తండ్రిగా కనిపించారు. అదే నవల 2012లో థియేటరు చిత్రంగా వచ్చినప్పుడు నాయకుడి పాత్ర చేసింది హ్యారీగా నటించిన డేనియల్ రాడ్‌క్లిఫ్. ఇది పదిహేనేళ్ళు దాటినవారికి. భయానక చిత్రాలంటే చులకనభావం ఉన్న పెద్దవాళ్ళకు కూడా నేను ముందుగా చెప్పేది ఈ పేరే.

రెండవది 'ఘోస్ట్‌వాచ్'. 1992 అక్టోబరు 31 రాత్రి బీబీసీ వన్‌లో, దెయ్యం ఉందంటున్న ఒక మామూలు ఇంటి నుంచి ప్రత్యక్ష ప్రసారం అన్న రూపంలో ఇది వచ్చింది. నిజానికి ముందుగానే చిత్రీకరించిన కథ, స్టీఫెన్ వోక్ రచన, లెస్లీ మ్యానింగ్ దర్శకత్వం. కాని అందులోని వ్యాఖ్యాతలు నటులుగా కాక తమ సొంత పేర్లతో కనిపించారు. స్టూడియోలో దేశమంతా గౌరవించే మైకేల్ పార్కిన్సన్, ఆ ఇంట్లో పిల్లల కార్యక్రమాల ద్వారా పరిచయమైన సారా గ్రీన్. తెర మీద చూపిన ఫోన్ నంబరు కూడా శనివారం ఉదయం పిల్లలు తమ కార్యక్రమానికి ఫోన్ చేసే నంబరే. ఫోన్ చేసినవారికి ఇది కల్పిత కథ అని చెప్పే ఏర్పాటు ఉన్నా, వెల్లువెత్తిన ఫోన్ల వల్ల లైను దొరకనివారే ఎక్కువ. గొట్టాల చప్పుడని తల్లి పిల్లలకు సర్దిచెప్పడం వల్ల ఆ దెయ్యానికి 'పైప్స్' అన్న పేరు పడింది, అతని స్థావరం మెట్లకింది అర. పిల్లల పడకగది కర్టెన్ పక్కన ఎవరో నిలబడ్డారని ప్రేక్షకులు ఫోన్ చేస్తే, స్టూడియోలో ఆ దృశ్యాన్ని మళ్ళీ వేసి చూస్తారు. అంతకుముందు చూసిన ఆకారం అక్కడ ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది.

ఈ ప్రసారం తర్వాత పదేళ్ళ వయసున్న ఇద్దరు బాలురు తీవ్రమైన మానసిక ఆఘాతానికి గురైన వైనాన్ని వైద్యులు 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నమోదు చేశారు. దశాబ్దాలపాటు బీబీసీ దీన్ని పునఃప్రసారం చేయలేదు. కథ ఎంత భయపెట్టినా కథే అన్న హామీ పిల్లలకు ఉండాలి. ఇది ఆ హామీనే లాగేసింది, వారు నమ్మిన ముఖాలతోనే లాగేసింది. కళగా నేను దీన్ని ఎంతో గౌరవిస్తాను, కాని "ఇది నిజంగా జరిగిందా?" అని అడిగే వయసులో ఉన్న ఎవరికీ చూపించను.

వెతికేటప్పుడు సంవత్సరం తప్పక సరిచూసుకోవాలి. ఇక్కడ చెప్పినవాటిలో కొన్నిటికి తర్వాత థియేటరు చిత్రాలో కొత్త టీవీ రూపాలో వచ్చాయి, పేరు కొట్టగానే మొదట కనిపించేవి అవే. 2017లో వచ్చిన 'ఇట్'కూ 'డోంట్ బీ అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్' కొత్త రూపానికీ అమెరికాలో ఆర్ రేటింగు ఉంది, అంటే పదిహేడేళ్ళ లోపువారు పెద్దల తోడు లేకుండా చూడరాదని. పాతవాటిలో చాలావాటికి ప్రకటనల కోసం తెర నల్లబడే చోట్లు అలాగే మిగిలి ఉన్నాయి. అక్కడ ఆపి, లేచి, నీళ్ళు తాగి, ఒక మాట మాట్లాడుకుని మళ్ళీ మొదలుపెట్టడానికి అవి ఇప్పటికీ పనికివస్తాయి. ఆఖరి అరగంట చీకటి పడ్డాక చూసేలా కాకుండా సాయంత్రం ఐదింటికే కూర్చోవడం మంచిది.

చిత్రం ముగిశాక అది భయాన్ని వదిలిన చోటికి పిల్లలతో కలిసి వెళ్ళి రావాలి, కర్టెన్ తీసి, తూములోకి తొంగిచూసి, మెట్లకింది అర తెరిచి. మా అక్క కూతురి విషయంలో ఈ ఆలోచన నాకు ఎనిమిదో రోజున గాని రాలేదు. టార్చి తీసుకుని ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని భోజనాల బల్ల కింద మూలమూలా వెలుగు వేసి చూశాం. ఒక చెంచా, రెండు ఎండిన బఠాణీలు, ఎప్పుడో పోయిందనుకున్న ఆమె జడక్లిప్పు దొరికాయి. క్లిప్పును తుడిచి తలలో పెట్టుకుంది. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కాళ్ళు రెండూ కిందే ఉన్నాయి, మధ్యలో రెండుసార్లు మాత్రం ఒళ్ళోని రుమాలును గట్టిగా పట్టుకుని చూసుకుంది.